మొదటి గదిలో నీలి దీపం

విజ్ఞాన ప్రదర్శనశాలలో కొత్త మెదడు తయారవుతోంది. మరి పాతదేమైందని అడగకండి. అక్కడ అలాంటిది ఉండేదన్న దాఖలాలు లేవు.

ఈ కొత్త మెదడు మనుషులు లోపలికి నడిచి వెళ్ళేంత పెద్దది. మొత్తం నాలుగు గదులు. మొదటిది కడుపులో ఉన్న బిడ్డ మెదడు. రెండోది అప్పుడే పుట్టిన పసిగుడ్డుది. మూడోది ఇల్లు పీకి పందిరేసే వయసుది. నాలుగోది బడికి పోయే వయసుది. గోడలన్నీ ప్లాస్టర్‌తో ముడతలు ముడతలుగా పోసి, పైన గులాబీ రంగు కొట్టారు. దూరం నుంచి చూస్తే మెదడులా, దగ్గర నుంచి చూస్తే తడిసిన పరుపులా ఉంటుంది. ముడతల సందుల్లో చిన్న చిన్న దీపాలు. మెదడులోని రసాయనాలకు గుర్తుగా డోపమీన్‌కు పసుపు, సెరటోనిన్‌కు ఆకుపచ్చ, గాబాకు నీలం. ఒక రసాయనానికి ఒకే రంగు ఉండాలనీ, నాలుగు గదుల్లోనూ అదే వెలగాలనీ కమిటీ తీర్మానించింది. తీరూ లేదు, మానమూ లేదు, అయినా దాని పేరు తీర్మానం.

గోడలకు బిగించే పలకల మీద వాక్యాలు రాసే ఆవిడను అందరూ పలకలమ్మ అంటారు. పలకలు రాస్తుంది గానీ పలకరిస్తే పలకదు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, ఎదుటి మనిషిని అచ్చుతప్పును చూసినట్టు చూస్తుంది. ఆవిడ దృష్టిలో లోకం మొత్తం ప్రూఫు చూడకుండా అచ్చేసిన పుస్తకం. అందులో లావుపాటి అధ్యాయం ఈ కమిటీ.

కమిటీకి పెద్ద డైరెక్టరు. ఏది అడిగినా ‘చూద్దాం’ అంటాడు. ఇంతవరకూ ఏదీ చూసిన పాపాన పోలేదు. అందుకని వెనకాల అందరూ ఆయన్ని చూద్దాంగారు అంటారు. ఆయన పక్కనే, నీడలాగా, ఈ మెదడుకు ఖర్చు పెడుతున్న కంపెనీ తాలూకు మనిషి. నిద్రలో కూడా పళ్ళు కనిపిస్తాయని అనుమానం కలిగించే ఆయనకు పలకలమ్మ పెట్టిన పేరు చిరునవ్వు. ఆ కంపెనీ గర్భిణుల కోసం ‘ప్రశాంతి చుక్కలు’ అని ఒక సీసా అమ్ముతుంది. అందులో ఉండేది ఆ గాబాయే. తల్లి తాగితే బిడ్డ బుద్ధిమంతుడవుతాడట. బుద్ధిని బుడ్డిలో పోసి అమ్మే రోజులివి.

మొదటి గదికి పలకలమ్మ రాసిన వాక్యం ఇది: ‘ప్రశాంతత అమ్మ కడుపులోనే మొదలవుతుంది.’

రాసిన రోజున ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని ‘బావుంది’ అనుకుంది. ఆవిడ నోట ఆ మాట రావడం కొండకు కాళ్ళొచ్చినంత వింత. ఎవర్నీ అడగలేదు. అడగడానికేముంది? గాబా ప్రశాంతత రసాయనం, అందరికీ తెలిసిందే. చిరునవ్వు ఆ వాక్యం చూడగానే ముచ్చటపడి, ‘మా పెట్టె మీద వేసుకుంటాం మేడమ్’ అన్నాడు. ఆవిడ తల ఊపింది. పొగడ్త ముందు ఎంతటి తలైనా స్ప్రింగు మీద బొమ్మే.

నెల తిరిగాక సలహాదారు ప్రొఫెసరమ్మ వచ్చింది. ఆవిణ్ణి పిలిచింది సలహా కోసం కాదు, ఫొటో కోసం. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలియదు. పరుగు పందేనికి వేసుకునే బూట్లతో, వేరుశనగపప్పులు నములుతూ మొదటి గదిలోకి వచ్చి, తల ఎత్తి చూసి పకపకా నవ్వింది. అక్కడ నిచ్చెన మీద నిలబడి లైట్ల బాబాయి దీపాలు సర్దుతున్నాడు. ఆయన ఎలక్ట్రీషియన్. అందరికీ బాబాయే.

“ఏంటమ్మా, ఇక్కడ నీలం వెలుగుతోంది?” అంది ప్రొఫెసరమ్మ.

“గాబా. ప్రశాంతత,” అంది పలకలమ్మ, రెండు మాటలు ఖర్చయినందుకు విచారిస్తూ.

“పెద్దవాళ్ళలో ప్రశాంతత. కడుపులో ఉన్నవాడిలో అదే రసాయనం గోల చేయిస్తుంది.”

“అదేంటండీ? రసాయనం ఒకటేగా?” అంది పలకలమ్మ.

“రసాయనం ఒకటే. మెదడే వేరు. ఇదిగో, ఈ గదిని ఒక కణం అనుకో. తలుపు తీయడం గాబా పని. తీస్తుంది, అంతే. ఎవరు బయటికెళ్ళారు, ఎవరు లోపలికొచ్చారు, దానికి అనవసరం. కడుపులో ఉన్నప్పుడు కణం నిండా క్లోరైడు, అదే మన ఉప్పులో ఉండేది, కిక్కిరిసి ఉంటుంది. తలుపు తీయగానే బయటికి తోసుకుపోతుంది, కణం రెచ్చిపోతుంది. ఆ తర్వాత లోపలిది తోడిపోసే పంపులు పెరుగుతాయి. లోపల ఖాళీ అవుతుంది. అప్పుడు అదే తలుపు తీస్తే బయటిది లోపలికొస్తుంది, కణం చల్లబడుతుంది. తలుపు మారలేదు, తీసేవాడూ మారలేదు. పోయే దిక్కు మారింది.”

నిచ్చెన మీద నుంచి బాబాయి అడిగాడు. “ఎప్పుడు మారుతుందండీ?”

“పుట్టే రోజుల చుట్టూ. ఎలుకపిల్లల్లో శుభ్రంగా చూశారు. మనిషి పిల్లల్లో ఫలానా రోజని చెప్పలేం, ఇంకా వాదించుకుంటున్నాం.”

“మరి పాపం, ఆ గోలకి బిడ్డకేం కాదా?”

“ఏం కావడమేంటి బాబాయ్! ఆ గోలలోనే కణాలు ఒకదాన్నొకటి వెతుక్కుని చేతులు కలుపుతాయి. ఇల్లు కట్టాలి గానీ సుత్తి చప్పుడు వినపడకూడదంటే ఎలా?”

కడుపులో ఉన్నంతకాలం గాభరా పెట్టేదే బయటికొచ్చాక గాబా అన్నమాట. పలకలమ్మ చేతిలోని కాగితం మెల్లగా వెనక్కి వెళ్ళింది. కానీ ప్రొఫెసరమ్మ చూపు అంతకంటే ముందే దాని మీద వాలింది. 

“ఈ వాక్యం ఎవరు రాశారు?”

జీవితంలో ఎన్నడూ అలా మాట్లాడని పలకలమ్మ, “రాయబడిందండీ,” అంది.

“మరి తల్లులకి అమ్మే ఆ గాబా చుక్కల సంగతి?” అని అడిగింది.

“తల్లి తాగినది బిడ్డ మెదడు దాకా వెళ్తుందో లేదో ఎవరూ తేల్చలేదు. వెళ్ళకపోతే దండగ. వెళ్తే దండన. ఏది జరిగినా సీసా ఖాళీ.” ప్రొఫెసరమ్మ మిగిలిన పప్పులు నోట్లో వేసుకుని ఫొటో దిగడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే పలకలమ్మ చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలికి ఏడో నెల. హాల్లో సోఫాకు అడ్డంగా పడుకుని ఉంది. మరిది నేల మీద కూర్చుని ఊయల మంచం బిగిస్తున్నాడు. తల వైపు చెక్క కాళ్ళ వైపు బిగించాడు. ఆ సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, అంతలో బల్ల మీదున్న పెట్టె కంటపడింది. నీలం పెట్టె. దాని నుదుటి మీద వెండి అక్షరాలతో ఆవిడ వాక్యం.

“అక్కా, చూశావా! నీ వాక్యం!” అని చెల్లెలు లేవబోయింది. “కొట్లో చూడగానే గుర్తుపట్టా. ఆ మధ్య ఫోన్లో చదివి వినిపించావుగా. ఈయన వెంటనే తెచ్చేశారు.”

“వదినగారు రాశారంటే ఇంక తిరుగేముందండీ,” అన్నాడు మరిది. అతని నమ్మకాలూ అతను బిగించే చెక్కలూ ఒకే తీరు.

“పారేయ్,” అంది పలకలమ్మ.

“ఎందుకు?”

“చెత్త.”

“నీకన్నీ చెత్తేలే. నా ఉద్యోగం చెత్త, ఈ సోఫా రంగు చెత్త, ఈయన మీసం చెత్త.”

మరిది మీసం తడుముకున్నాడు.

“పుట్టి బుద్ధెరిగాక నువ్వు బావుందన్నది ఈ ఒక్క వాక్యమే,” అంది చెల్లెలు. “ఇప్పుడు అదీ చెత్తేనా?”

“అది తప్పే. నాకు తెలియక... అదీ, ప్రొఫెసర్ చెప్పింది. కడుపులో బిడ్డకి ఆ రసాయనం ప్రశాంతత కాదట, ఉల్టా పని చేస్తుందట.”

“నిన్న ప్రశాంతత. ఇవాళ ఉల్టా. రేపేంటి?”

“డాక్టర్ని అడిగావా?”

“ఆవిడ రాసిన మందులు వేసుకుంటున్నానా లేదా అని చూస్తుంది. ఇది మందు కాదుగా, చెప్పలేదు.” చెల్లెలు గొంతు తగ్గించింది. “అక్కా, లోపల ఊరుకోదే ఇది. రాత్రంతా తంతూనే ఉంటుంది. నేనసలే కంగారు మనిషిని. నా కంగారంతా దీనికి పోసేస్తున్నానేమోనని భయం. ఆ చుక్కలు వేసుకుంటే నాకు ధైర్యం. ఎందుకంటే అది నువ్వు రాశావు. నువ్వు ఉత్తినే దేన్నీ మెచ్చుకోవు.”

చెల్లెలి చెయ్యి పట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పాల్సిన సమయమది. కానీ పాతికేళ్ళుగా వెటకారం తప్ప ఎగుమతి చేయని నోరు అప్పటికప్పుడు వేరే సరుకు ఎక్కడి నుంచి తెస్తుంది?

“కొట్లో ఏది అమ్మితే అది తాగేయడమేనా? బుర్ర లేదూ?” అంది.

చెల్లెలి మొహం మాడిపోయింది. “లేదు. నీ బుర్ర నమ్ముకున్నా. సరే, ఒక పని చెయ్. ఆ గోడ మీద కూడా ఇదే రాస్తున్నావుగా? గోడ మీద మార్చు. నలుగురి ముందూ మార్చి చూపించు, ఆ రోజే మానేస్తా. ఇంట్లో కూర్చుని చెత్త, చెత్త అనడం కాదు. అది నువ్వు అన్నిటికీ అంటావు.”

మర్నాడు పొద్దున్నే పలకలమ్మ డైరెక్టరు గదిలో ఉంది. చిరునవ్వు అప్పటికే అక్కడ ఉన్నాడు, సోఫాతో పాటు కొన్నట్టుగా. ఆవిడ సంగతంతా చెప్పింది. వాక్యం మార్చాలి, మొదటి గదిలో నీలం తీసి ఎరుపు పెట్టాలి అంది.

“చూద్దాం,” అన్నాడు డైరెక్టరు.

“ఎప్పుడు?”

“ప్రారంభోత్సవం అయ్యాక.”

“అప్పటికి పలక గోడలో దిగిపోతుంది కదండీ!”

చిరునవ్వు కల్పించుకున్నాడు. “మేడమ్, నీలం మా కంపెనీ రంగు. మొదటి గదిలో ఎరుపు పెడితే తల్లులు బెదిరిపోతారు. తల్లులకి కావలసింది సైన్సు కాదు మేడమ్, ధైర్యం.”

“ఉత్త ధైర్యానికి సీసా ఎందుకు?”

“ధైర్యం పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మేడమ్!” పళ్ళు ఇంకో రెండు బయటికొచ్చాయి.

డైరెక్టరు ఆవులింతను చేత్తో కప్పుకున్నాడు. “చూడమ్మా, నాకేం పట్టింపు లేదు. మన పద్ధతి నీకు తెలుసుగా. పలక చదివి వినిపించే రోజున కమిటీ ఏది ఒప్పుకుంటే అదే గోడెక్కుతుంది. కమిటీ ఒప్పుకోవాలి, అంతే.”

ఇది పొమ్మనలేక పొగబెట్టడం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ పలకలమ్మ గుమ్మం దగ్గర ఆగి, ఆ మాటను అచ్చుతప్పుల్లేని వాక్యంలా ఇంకోసారి మనసులో చదువుకుంది. కమిటీ ఒప్పుకోవాలి, అంతే.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. గోడకు బిగించే ముందు ప్రతి పలకనూ దాని గదిలోనే నిలబడి పైకి చదవాలి. కమిటీ వినాలి. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి. లేదంటే అక్కడికక్కడే విప్పరాని స్క్రూలు దిగుతాయి. అవి బిగించడానికే తప్ప విప్పడానికి వీల్లేకుండా తల చెక్కిన స్క్రూలు. వెనకటి ప్రదర్శనలో ఎవరో ఒక పలక ఊడదీసి ఇంటికి పట్టుకుపోయారు. అప్పటి నుంచీ డైరెక్టరు పట్టుబట్టి వీటిని తెప్పించాడు. లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. కమిటీ సభ్యత్వంలాగే.

చదివే రోజు వచ్చింది. మొదటి గదిలో కమిటీ నిలబడింది. డైరెక్టరు కళ్ళు గోడ మీద ఉన్నాయి, చూపు మాత్రం భోజనం మీద ఉంది. ఆయన పక్కన ఇద్దరు సభ్యులు ఇంటి స్థలం ధర గురించి గుసగుసలాడుకుంటున్నారు. మూడో ఆయన నిలబడి నిద్రపోవడంలో ఆరితేరినవాడు. చిరునవ్వు ఫోన్లో టైపు కొడుతున్నాడు. సమ్మతి తెలపడానికి మతి అక్కర్లేదని ఈ నలుగురైదుగుర్నీ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

పలకలమ్మ గొంతు సవరించుకుంది. దొంగతనంగా చదవదలచుకోలేదు. గొణగలేదు, మింగలేదు. ఒక్కొక్క మాటా గది చివరిదాకా వినిపించేలా, విడమరిచి చదివింది.

“కడుపులో బిడ్డ మెదడు ప్రశాంతంగా ఉండదు. పెద్దవాళ్ళ మెదడును చల్లబరిచే గాబా అనే రసాయనమే ఇక్కడ కణాలను రెచ్చగొడుతుంది. ఆ సందడిలోనే కణాలు ఒకదానితో ఒకటి చేతులు కలుపుతాయి. పుట్టే రోజుల చుట్టూ ఈ తీరు తిరగబడుతుంది. అందుకే తల్లికి ప్రశాంతతనిచ్చేది బిడ్డకూ అదే ఇస్తుందని అనుకోకండి. అలా చెప్పి మీకు ఏదైనా అమ్మితే, కొనే ముందు డాక్టర్ని అడగండి.”

నిచ్చెన పక్కన బాబాయి నోరు తెరుచుకుంది. పలకలమ్మ ఒక్కొక్కరి మొహమే చూసింది. ఇప్పుడు ఎవరో ఒకరు అరుస్తారు.

“అద్భుతం!” అన్నాడు డైరెక్టరు. “చాలా క్లుప్తంగా ఉంది.”

“తల్లి అన్న మాట బాగా పడిందండీ,” అన్నాడు స్థలాల సభ్యుడు. నిద్రాయన అలికిడికి లేచి చప్పట్లు కొట్టాడు.

“చాలా ప్రశాంతంగా ఉంది మేడమ్,” అన్నాడు చిరునవ్వు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

“ఎవరికైనా అభ్యంతరం ఉందా? ఇంకోసారి చదవమంటారా?” అని అడిగింది పలకలమ్మ. న్యాయంగా ఇవ్వాల్సిన అవకాశం ఇచ్చేసింది.

“వద్దు వద్దు, ఇంకా మూడు గదులున్నాయి,” అన్నారు ముగ్గురు ఒక్కసారే. కమిటీ చరిత్రలో అంత ఏకాభిప్రాయం మునుపెన్నడూ రాలేదు.

బాబాయి డ్రిల్లు చేతిలోకి తీసుకుని ఆవిడ కళ్ళలోకి చూశాడు. “అమ్మా... బిగించమంటారా?”

“కమిటీని అడగండి బాబాయ్.”

“బిగించవయ్యా!” అన్నాడు డైరెక్టరు.

“మరి దీపాలండీ?”

“పలకకి తగ్గట్టు పెట్టు. ప్రతిదీ నేనే చెప్పాలా?”

స్క్రూలు కీచుమంటూ గోడలోకి దిగాయి. ఇన్నాళ్ళూ పలకలమ్మ ఈ చెవుడును చూసి ఈసడించుకుంది. ఇవాళ దాని మీదే ఎక్కి ఏరు దాటింది. తన పాత వాక్యం కూడా ఈ తలకాయలు ఇలాగే ఊగుతూ దాటించి ఉండేవని తోచింది. ఆ వరసలో అన్నిటికన్నా ముందు ఊగిన తల ఎవరిదో కూడా గుర్తొచ్చింది. ఆ ఆలోచన మిగతా మూడు గదుల్లోనూ చెప్పులో రాయిలా వెంట నడిచింది.

మూడో గదిలో, నాలుగైదేళ్ళ వయసులో ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు సగం మెదడే తినేస్తుందని చదివితే, “మా కమిటీకి ఆ ఇబ్బంది లేదు,” అని బాబాయి గొణిగాడు. నాలుగో గదిలో, వాడని కలయికల్ని మెదడు తానే కత్తిరించేసుకుంటుందని చదివింది. మొదట కూత, తర్వాత మేత, ఆఖరికి కోత. కమిటీ అన్నిటికీ తలూపి భోజనానికి వెళ్ళింది.

ప్రారంభోత్సవం రోజున రిబ్బను తెగింది, జనం లోపలికి తోసుకొచ్చారు. మొదటి గది నిండా ఎర్ర దీపాలు చిటపటలాడుతున్నాయి. ఒకటి వెలిగితే పక్కది అందుకుంటోంది, అక్కడి నుంచి ఇంకోటి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అతిథులకు చూపిద్దామని చిరునవ్వు పలక దగ్గరకు వచ్చి గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి గొంతు సన్నగిల్లింది. నాలుగో వాక్యానికి పళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి. ఆయనకు పెదవులున్నాయని అందరికీ ఆ రోజే తెలిసింది.

“డైరెక్టర్ గారూ! ఏంటండీ ఇది!”

డైరెక్టరు చదివాడు. బహుశా ఉద్యోగంలో చేరాక ఆయన పూర్తిగా చదివిన మొదటి పలక అదే. “బాబాయ్! విప్పు దీన్ని!”

“విప్పరాని స్క్రూలండీ. తమరు కోరి తెప్పించినవే.”

“అయితే గోడ పగలగొట్టు!”

“మెదడు పగులుద్దండీ,” అన్నాడు బాబాయి వినయంగా.

డైరెక్టరు పలకలమ్మ వైపు తిరిగాడు. “ఎవరమ్మా దీనికి ఒప్పుకుంది?”

“మీరందరూనండీ. మీ ఎదుటే చదివాను. ఇంకోసారి చదవనా అని కూడా అడిగాను.”

“మేం వింటేగా!” అని అరిచాడు డైరెక్టరు.

ఆ మాట ముడతల గోడలకు కొట్టుకుని గది నాలుగు మూలలా వినిపించింది. అతిథులు విన్నారు. పిల్లలు విన్నారు. కిసుక్కుమన్నారు. ఆయన కూడా విన్నాడు, కాస్త ఆలస్యంగా. మొహం దీపాల రంగుకు మారింది.

అప్పటికే చెల్లెలు మొగుడి చెయ్యి పట్టుకుని పలక ముందు నిలబడి ఉంది. మెల్లగా, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

“మరి పెట్టె మీద వాక్యం?”

నలుగురూ ఉన్నారు. చూద్దాంగారు, చిరునవ్వు, ఇద్దరూ చెవులు రిక్కించారు. ఇవాళ మాత్రం వినాలని కమిటీకి బుద్ధి పుట్టింది. ‘రాయబడింది’ అన్న మాట పలకలమ్మ నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసింది.

“నేనే రాశా. ఎవర్నీ అడక్కుండా రాశా. అది తప్పు.”

“అంటే నీకు తెలియలేదా?”

“తెలియలేదు.”

చెల్లెలు చేతిసంచీ తెరిచింది. సగమున్న సీసా తీసి, రెండడుగులు వేసి, చిరునవ్వు చేతిలో పెట్టింది. “మీ దగ్గరుంచుకోండి. పెద్దవాళ్ళకి ప్రశాంతతేమో. మీకు ఇప్పుడు చాలా అవసరంలా ఉంది.”

ఆయన సీసా పట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరు అలవాటుగా “చూద్దాం...” అన్నాడు. ఏం చూస్తాడో ఎవరూ అడగలేదు.

చెల్లెలు అక్క చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. లోపలి నుంచి ఒక్క తాపు తగిలింది. “చూశావా? ఇదే నే చెప్పింది. అంటే ఇది నా కంగారు కాదన్నమాట? ఆ గాబా గోలేనా ఇది?”

ఔననెయ్యొచ్చు. చెల్లెలు నమ్మేస్తుంది, హాయిగా నిద్రపోతుంది. వాక్యం కూడా బావుంటుంది. పలకలమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఏమోనే, తన్నుడికీ దానికీ ఏం సంబంధమో నాకు తెలియదు. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా. అడుగుదాం.”

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. నవ్వింది.

“బావుందక్కా,” అంది. “ఈ ముక్క వేయించు పెట్టె మీద.”